డింప్నా చేసిన మేనెల కొవ్వొత్తి

తెల్లముల్లు పూలను ఇంట్లోకి తేకూడదని డింప్నా పాడెన్‌కు ఊళ్ళో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?

ఇన్నేళ్ళయినా దీనికి జవాబు దొరకలేదు. ఆ ఏడు మే నెల మొదట్లో ఆమె గంప చంకన పెట్టుకుని, గ్లాన్‌వీన్ ఊరి దారి పొడవునా కంచెల వెంట పూలకొమ్మలు కోస్తూ తిరిగింది. దొంగచాటుగా కాదు, పట్టపగలే. పాలబండివాడు చూశాడు. పూజ ముగిసి చర్చి నుంచి వస్తున్న ఆడవాళ్ళు చూసి, "ఈ పూటకి వాన లేదు, దేవుడి దయ" అని పలకరించి మరీ వెళ్ళారు. తపాలా కొట్టు నడిపే కన్సెప్టా కారు ఆపి, అద్దం దించి, తేరిపార చూసి, అద్దం ఎక్కించుకుని పోయింది. అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంత మామూలు సంగతి తెలియని మనిషి ఉంటుందని వాళ్ళకు తోచలేదేమో. తోచినా, మనకెందుకులే అనుకున్నారేమో.

అందరికంటే దగ్గరగా ఉన్నవాడు మాలకీ లవెల్. పైకొమ్మ వంచి ఆమె చేతికి అందేలా పట్టుకున్నది అతనే.

మాలకీ అరవై దాటిన బ్రహ్మచారి. ఊబినేలలో పీటు అనే నల్లమట్టి గడ్డలు కోసి, ఎండబెట్టి, పొయ్యిలోకి ఊరందరికీ అమ్మేవాడు. కొన్ని గొర్రెలు, ఒక కుక్క, తొంభై దాటిన తల్లి సబీనా. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే అతను గొర్రెల మాట ఎత్తేవాడు. అలా ఎత్తీ ఎత్తీ జనం అడగడం మానేశారు. అతని ఇంటికి పైన ఒక్క పొలం దూరంలో డింప్నా ఇల్లు. సాయంత్రమైతే ఆమె పొయ్యిపొగ ఎటు వాలుతోందో చూశాకే అతను తన తలుపు మూసేవాడు. ఈ సంగతి అతని కుక్కకు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం. తల్లికి మాత్రం మొదటి నుంచీ తెలుసు.

డింప్నా పుట్టింది ఎదురుగా సముద్రంలో నల్లగా కనబడే ఇనిష్‌డారా దీవిలో. అక్కడ చెట్టు మొలవదు. ఏ మొక్కనూ మోకాలు దాటి ఎదగనివ్వదు గాలి. ఆమె ఇంకా బడికి వెళ్ళే వయసులోనే, అక్కడ మిగిలిన నాలుగిళ్ళవాళ్ళనూ ప్రభుత్వం పడవలెక్కించి ఈ ఒడ్డుకు చేర్చింది. ఇక్కడే పెరిగింది, ఇక్కడి ఆంథొనీ పాడెన్‌నే చేసుకుంది, ఇక్కడే అతన్ని పూడ్చిపెట్టింది. అయినా ఊళ్ళో ఆమె గురించి మాట వస్తే "ఆ దీవి మనిషి" అనే అనేవారు. చెడుగా అని కాదు. ఎర్రజుట్టువాణ్ణి ఎర్రోడా అన్నట్టు, అంతే.

కొవ్వొత్తుల పని ఆంథొనీ పోయిన ఏడాది మొదలైంది. నవంబరు మొదలయ్యే ముందురాత్రి, సావిన్ పండగనాడు, చనిపోయినవాళ్ళు దారి తెలుసుకుని వస్తారని కిటికీలో దీపం పెడతారు కదా. డింప్నా కొట్టు నుంచి తెల్ల కొవ్వొత్తి తెచ్చి పెట్టింది. కాసేపు చూసి ఊది ఆర్పేసింది. "దీనికి ఏ వాసనా లేదు. ఇది ఎవరిల్లని ఆయన గుర్తుపడతాడు?" అంది. మైనాన్ని తురిమి, పళ్ళెంలో పోసి, పొయ్యి పక్క గూట్లో పీటు పొగ తగిలేచోట కొన్నాళ్ళు ఉంచింది. మైనమైనా కొవ్వైనా, పక్కన ఏది పెడితే దాని వాసన లాక్కుంటుంది. అదే ఆమె పనిలోని కిటుకంతా. ఆ పొగమైనాన్ని ఆపిల్ తొక్కలు మగ్గిన కొవ్వుతో కలిపి, పాత జామ్ సీసాలో పోసి, వత్తి నిలబెట్టి వెలిగించింది. ఆ రాత్రి ఆంథొనీ వచ్చాడో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ మర్నాడు ఇంకో సీసా పోసింది.

తర్వాత ఏడాదిలోని మిగతా మూడు పండగలకూ చేసింది. ఫిబ్రవరిలో బ్రిజిడమ్మ పండగకి పచ్చి తుంగ, అప్పుడే పితికిన పాలు, తడిమట్టి కలిసిన వాసన. జూలై చివర లూనసా పండగకి ఎండుగడ్డి, కొండమీది నల్లపళ్ళు. మే నెల బెల్టన పండగకి మాత్రం ఏ ఏటికాయేడు ఏదో ఒకటి మార్చేది. కొన్నేళ్ళు పసుపుపచ్చ గోర్స్ పూలు వేసింది. అవి అచ్చం పచ్చికొబ్బరి వాసన వేస్తాయి. ఊరికి వచ్చే యాత్రికులకు అది చాలా నచ్చింది. ఆమెకు నచ్చలేదు.

"గోర్స్‌కి సిగ్గూ ఎగ్గూ లేదు మాలకీ, ఏడాదంతా పూస్తూనే ఉంటుంది. మే నెలకని పూసేది ఒకటి కావాలి నాకు."

మాలకీ అప్పుడు ఆమె గుమ్మంలో పీటు బుట్ట దింపుతున్నాడు. వారంలో అది మూడో బుట్ట.

"మళ్ళీ తెచ్చావా? మొన్నటిదే అయిపోలేదు. ఇల్లంతా నీ పీటే అయితే నేనెక్కడ పడుకోను?"

"దానిమీదే పడుకో. వెచ్చగా ఉంటుంది."

"నువ్వు పడుకున్నావేంటి ఎప్పుడైనా?"

"నాకు మా అమ్మ గురక చాలు, చలి దగ్గరికి రాదు."

ఇలాంటి మాటలకి ఆమె పగలబడి నవ్వేది. ఆ నవ్వు వినడానికే అతను ఊబినేలలో నడుం వంచి పని చేస్తున్నంతసేపూ మాటలు సిద్ధం చేసుకునేవాడు. అసలు మాట మాత్రం ఎన్నడూ సిద్ధం కాలేదు.

ఆ మే నెలలో కంచె దగ్గర ఆమె గంపతో కనబడినప్పుడు, ఏం కోస్తోందో చూసి అతని అడుగు ఆగింది. పొలం మధ్య ఒంటరిగా నిలబడ్డ ముల్లుచెట్టు యక్షిణులదని ఊరి నమ్మకం, దాని జోలికి ఆమె పోలేదు. దాన్ని ముట్టుకోకూడదని ఆంథొనీ ఎప్పుడో చెప్పి ఉంటాడు. కోస్తున్నది కంచెలోవే. అయితే కంచెలోదైనా, పూలు గడప దాటి లోపలికి వస్తే ఇంట్లో ఒకరు పోతారు. ఆ మాట మాలకీ తల్లిపాలతో తాగాడు.

"ఇవి దేనికి?" అని అడిగాడు.

"కొవ్వొత్తికి. ఈసారి దొరికింది మాలకీ! ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నా తట్టలేదు." ఆమె ముఖం ఎండకు, ఆత్రానికి ఎర్రబడింది. "మమ్మల్ని పడవలో తెచ్చిన రోజు కూడా మే నెలే. ఒడ్డున దిగి ఈ దారినే నడిచాం. నేను అప్పటిదాకా చెట్టన్నది చూడలేదు. ఒక్కసారిగా రెండుపక్కలా ఇంత తెలుపు! మంచు అనుకున్నాను. దగ్గరికెళ్ళి ముఖం పెట్టాను. మా అమ్మ వెనక ఏడుస్తూ వస్తోంది, ఇల్లు పోయిందని. నేనేమో నవ్వుతున్నాను. ఈ ఊరు నాకు మొదట తగిలింది ఈ వాసనగానే." కొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇన్నేళ్ళకి దాన్ని సీసాలో పట్టాలని బుద్ధి పుట్టింది. ఇంకా పైన బాగా విచ్చినవి ఉన్నాయి. అందడం లేదు."

మాలకీ నోరు తెరిచాడు.

"ఉండు, వంచుతాను" అన్నాడు.

కొమ్మ వంచి పట్టుకున్నాడు. రేకులు అతని టోపీ మీద రాలాయి. ఆమె దులిపింది.

పూలను ఆమె పల్చగా పరిచిన పందికొవ్వు మీద అద్ది, వాడినవి తీసేసి రోజూ కొత్తవి అద్దింది. కొవ్వు వాసన పట్టాక తేనెమైనంతో కలిపి పోసింది. నురగ తెలుపు రంగులో వచ్చాయి కొవ్వొత్తులు. ఒక పెట్టె కన్సెప్టా కొట్టులో అమ్మకానికి ఇచ్చింది. కన్సెప్టా నవ్వుముఖంతోనే తీసుకుంది. డింప్నా అటు వెళ్ళగానే పెట్టెను చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకెళ్ళి కోళ్ళగూట్లో పెట్టింది. తర్వాత కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని నెల్లాళ్ళు చెప్పుకుంది. అవి అంతకుముందు కూడా పెద్దగా పెట్టిందేమీ లేదు.

మొదట పోసిన కొవ్వొత్తిని డింప్నా సబీనాకు తెచ్చి ఇచ్చింది. ముసలమ్మ మంచంలోంచే చేయి చాచి అందుకుంది. "బాగుందమ్మా, చేయి చల్లగా ఉండాలి" అని దీవించి పంపింది. డింప్నా వెళ్ళాక మాలకీ సీసా తీసుకుని బయటి కొట్టం వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?"

"కొట్టంలో పెడదామని."

"దేనికి? గొర్రెలకి చీకటంటే భయమా?"

"అమ్మా, అది తెల్లముల్లు."

"నాకు కళ్ళు పోయాయి కానీ ముక్కు పోలేదురా. తెల్లముల్లని తెలుసు. ఇటు తే. వెలిగించు."

అతను కదల్లేదు.

"నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక్క రెమ్మ గౌనులో దాచుకుని ఇంట్లోకి తెచ్చాను" అంది సబీనా. "మా అమ్మ వీపు వాయగొట్టి, గడప కడిగించింది. ఆ రెమ్మ ఎంతందంగా ఉందనుకున్నావు! మళ్ళీ ఎప్పుడూ లోపలికి తేలేదు. కంచె దగ్గర నిలబడి చూడటమే. ఇప్పుడు ఆ కంచెదాకా కూడా నడవలేను. ఇంకెప్పుడురా నేను వాసన చూసేది? నాకేమవుతుందని భయపడుతున్నావు, పడుచుదనంలో పోతాననా?"

సాయంత్రం ఇంకా వెలుతురుండగానే కొవ్వొత్తి వెలిగింది. ముసలమ్మ దిండుకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా లోపలికి తీసుకుంది. ఆ వాసనలో తీపి ఉంది, దాని అడుగున ఏదో మగ్గినట్టు బరువు కూడా ఉంది. ఆమె ముఖంలో ముడతలన్నీ సడలాయి.

"చూడు, ఆ పిల్లని ఒంటరిగా ఉంచకు" అంది కళ్ళు తెరవకుండానే. "నేను పోయాక ఈ ఇంట్లో గొర్రెలతో మాట్లాడుకుంటూ కూర్చుంటావా? వెళ్ళి అడుగు. నోరు పెగలకపోతే చెయ్యి పట్టుకో. ఏదో ఒకటి చెయ్యి."

"అడుగుతాలే."

"అడుగుతాలే అని మీ నాన్న కూడా రెండేళ్ళు తిప్పాడు. ఆఖరికి నేనే అడిగాను."

ఆ వారం గడవకముందే సబీనా నిద్రలో పోయింది. డాక్టరు చలికాలమే దాటదన్న మనిషి. గుండె ఎప్పుడో అలసిపోయింది. అందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. కానీ కొవ్వొత్తి మంచం పక్కన కిటికీలోనే సగం కాలి ఉంది.

శవాన్ని ఇంట్లోనే ఉంచి జాగారం చేయడం అక్కడి పద్ధతి. మధ్యాహ్నానికల్లా ఇల్లు నిండిపోయింది. అందరికీ టీ అందిస్తున్నది డింప్నా. దగ్గరి చుట్టంలా పొద్దుటి నుంచీ కప్పులు కడుగుతూనే ఉంది. కన్సెప్టా లోపలికి వచ్చి, శవం ముందు మోకరిల్లి లేచి, ముక్కు ఎగబీల్చి కిటికీ వైపు చూసింది.

"యేసూ మేరీ జోసఫ్! మాలకీ, దాన్ని ఇంట్లోనే వెలిగించారా?"

గదిలో మాటలు ఆగాయి.

"ఏంటది?" అంది డింప్నా పళ్ళెం పట్టుకుని.

చివరికి మూలన కూర్చున్న ముసలి ఫెస్టీ గొంతు సవరించుకున్నాడు. ఇంటింటికీ కబుర్లు మోసే మనిషే అయినా, ఆ పూట నేల చూస్తూ మాట్లాడాడు.

"నీ తప్పు కాదులే అమ్మా. తెల్లముల్లు పువ్వు ఇంట్లోకొస్తే ఆ ఇంట్లో మనిషి దక్కదంటారు. మా చిన్నప్పటి నుంచీ ఉన్న మాటే. దీవిలో చెట్లు లేవు కదా, నీకెలా తెలుస్తుంది."

"అందరికీ తెలుసా?" అంది డింప్నా.

ఒకరు టీ తాగారు. ఒకరు జపమాల సర్దుకున్నారు.

ఆమె మాలకీ వైపు తిరిగింది. "నీకు?"

"తెలుసు" అన్నాడు మాలకీ.

అసలు మాట తర్వాత ఉంది. అమ్మే వెలిగించమంది, ఎంతో ఇష్టంగా వాసన చూసింది, ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా పడుకుంది. అదంతా అతని గొంతుదాకా వచ్చింది. అంతలో ఫాదర్ గుమ్మంలోకి వచ్చాడు. అందరూ కుర్చీలు జరిపి మోకాళ్ళ మీద కూర్చున్నారు. జపమాల మొదలైంది. డింప్నా కూడా పళ్ళెం కింద పెట్టి మోకరిల్లింది. ప్రార్థనకు జవాబులు అందరికంటే స్పష్టంగా చెప్పింది. అయిపోయాక మిగిలిన కప్పులన్నీ కడిగి, బోర్లించి, గుడ్డ ఆరేసి ఇంటికి వెళ్ళింది.

తర్వాత ఆమె మేనెల కొవ్వొత్తులన్నీ కరిగించేసింది. యాత్రికుల కాలం నడుస్తున్నా కొత్తవేవీ పోయలేదు. స్లైగో పట్నంలో ఉన్న చెల్లెలి నుంచి తరచుగా ఫోన్లు వస్తున్నాయని కన్సెప్టా ఊరికి చెప్పింది. మాలకీ పీటు బుట్టతో రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి వాన గురించి మాట్లాడాడు. ఇంకోసారి వాన లేకపోవడం గురించి మాట్లాడాడు.

ఆ రెండోసారి ఆమే మొదలుపెట్టింది.

"మాలకీ, ఏదో మూఢనమ్మకం తెలియక తప్పు చేశానని కాదు నా బాధ. తొంభై దాటిన మనిషి పువ్వువల్ల పోలేదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. కానీ నేను అన్నాళ్ళు ఆ దారంతా గంప పట్టుకుని తిరిగితే ఒక్కళ్ళు... పరాయి ఊరి మనిషి దారి తప్పితే పిలిచి మరీ చెబుతారే! నాకు చెప్పడానికి ఏమొచ్చింది? నేను ఇంకా పడవ దిగుతూనే ఉన్నానా?"

"లేదు డింప్నా."

"నువ్వు కొమ్మ వంచావు."

"వంచాను."

"ఎందుకు?"

నీ ముఖంలో ఆ సంతోషం చూసి అని చెప్పాలి. చాలా సులువైన మాట. అతను టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "మా అమ్మ..." అని మొదలుపెట్టాడు.

"మీ అమ్మ దేవత" అంది డింప్నా. ఆ మాటతో ఆమె కళ్ళు నిండాయి, మొహం తిప్పుకుంది. ఆమె ఏడుస్తుంటే ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు. బుట్ట దింపి వచ్చేశాడు.

జూలై ఆఖరి ఆదివారం ఊరంతా కొండెక్కుతుంది. హెదర్ అనే చిట్టిపొదల మధ్య నల్లపళ్ళు పండే రోజు అది. ముసలివాళ్ళు సగం దాకా వచ్చి కూర్చుంటారు, పడుచువాళ్ళు పైదాకా పోతారు. ఆ కొండమీద కుదిరిన పెళ్ళిళ్ళు ఊళ్ళో చాలానే ఉన్నాయి. సబీనా మొగుణ్ణి అడిగిందీ అక్కడే. ఈసారి మాలకీ గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, రేకుడబ్బా పట్టుకుని బయల్దేరాడు. దారంతా కుక్కకి మాట అప్పజెప్పాడు: అమ్మే వెలిగించమంది, అమ్మకి అది పండగ, నేను నోరులేని వెధవని, నువ్వు మా ఇంటికి వచ్చి ఉండు. కుక్క తోక ఊపింది.

డింప్నా వచ్చింది. మంచి కోటు వేసుకుని వచ్చింది. జనానికి కాస్త ఎడంగా, రాతి పక్కన పళ్ళు ఏరుతోంది. మాలకీ వెళ్ళి పక్క పొదలో కూర్చున్నాడు.

"తెల్లచొక్కా? ఎవరిని ఏమార్చడానికి?" అంది ఆమె. గొంతులో పాత నవ్వు కొద్దిగా ఉంది.

"గొర్రెల్ని. నన్ను చూసి విసిగిపోయాయి."

"ఈ చొక్కాకి సాయంత్రానికి నల్లమచ్చలు తప్పవు. ఉతికేవాళ్ళెవరు మరి?"

అంతకంటే మంచి తలుపు ఎవరూ తెరవరు. మాలకీకి అది తెలిసింది కూడా.

"మచ్చ పోతుందిలే" అన్నాడు.

కాసేపు ఇద్దరూ ఏరారు. వాళ్ళ వేళ్ళు ఊదారంగుకు తిరిగాయి. పైన ఎవరో అకార్డియన్ వాయించడం మొదలుపెట్టారు. ఎదురుగా సముద్రం మీద ఇనిష్‌డారా చాలా దగ్గరగా, కప్పులు లేని ఇళ్ళు లెక్కపెట్టగలిగేంత తేటగా కనిపిస్తోంది. డింప్నా చాలాసేపు అటే చూసింది.

"ఈరోజు ఎంత దగ్గరగా ఉందో" అంది.

"రేపు వాన" అన్నాడు మాలకీ. దీవి అంత దగ్గరగా కనబడితే వానే మరి. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. ఏదో వినడానికి సిద్ధపడ్డ ముఖం. అలాగే ఆగింది.

"ఊటనీళ్ళు తెస్తాను" అని లేచాడు. "తాగి మాట్లాడుకుందాం. నీతో ఒక మాట ఉంది."

"సరే" అంది ఆమె.

ఊట కొండ మలుపులో ఉంది. అక్కడ ముఖం కడుక్కున్నాడు. ఎవరూ లేరు కదా అని మాట మొత్తం పైకే చెప్పి చూసుకున్నాడు. తడబడకుండా వచ్చింది. చివరి వాక్యం రెండోసారి ఇంకా బాగా వచ్చింది. మూడోసారి కూడా చెప్పుకున్నాడు. సీసా నింపుకుని, తల దువ్వుకుని వెనక్కి నడిచాడు.

రాతి పక్కన అతని రేకుడబ్బా నిండుగా ఉంది. అతను ఏరినవి దాని అడుగుకు కూడా సరిపోవు. డింప్నా లేదు. పైన అకార్డియన్ దగ్గర ఉందేమోనని చూశాడు. ముసలివాళ్ళ దగ్గర చూశాడు. ఎవరినీ అడగలేదు.

అప్పుడు కిందికి చూశాడు. ఊళ్ళో అన్ని పొగగొట్టాలూ ఎప్పటిలాగే సన్నగా పొగ వదులుతున్నాయి. ఎండాకాలమైనా ఆ ఊళ్ళో పొయ్యి ఆరనివ్వరు, రాత్రి నిప్పు బూడిదలో కప్పి పొద్దున్నే లేపుతారు. తన ఇంటికి పైన ఉన్న ఆ ఒక్క పొగగొట్టంలోనే పొగ లేదు. ఆమె చిన్న ఎర్రకారు కొండ అవతలివైపు నుంచి బయల్దేరి, ఇంటి మలుపు దాటింది. ఆగలేదు. కారు కప్పు మీద మైనం కరిగించే పెద్ద గిన్నె బోర్లించి, తాడుతో కట్టి ఉంది. కారు స్లైగో రోడ్డెక్కింది. కంచెల మధ్య ఒకసారి కనబడి, ఒకసారి మాయమై, మళ్ళీ కనబడింది. ఎక్కడా వేగం తగ్గలేదు.

మాలకీ నీళ్ళసీసా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.